తొమ్మిది వాట్ల మొక్కు

పోయినేడు కోటప్పకొండ తిరునాళ్ళలో మా వూరి ప్రభ మీద ఫ్లెక్సీలో వెంకట్రామయ్య కొడుకు మొహం ఆరిపోయిన పొయ్యిలాగా కనపడ్డానికి కారణం గుల్షనేనని ఒక మాట. ఎవరు పుట్టించారో తెలీదు. కళ్ళారా చూసినోళ్ళు ఒక్కరూ లేరు. చూశామన్నోళ్ళని నిలదీస్తే పక్కోడు చెప్పాడంటారు. పక్కోడినడిగితే వాడి బామ్మర్ది చెప్పాడంటాడు. ఆ బామ్మర్ది అసలు తిరునాళ్ళకే రాలేదు, మాచర్లలో అత్తగారింట్లో జ్వరంతో పడున్నాడు. అయినా మాట వినుకొండ దాటి పోయింది.

మాట పుట్టినందుకు కాదు నాకు ఒళ్ళు మండేది. పుట్టినదాంట్లో సగమే తిరుగుతా ఉన్నందుకు. గుల్షన్ ఏం చేసిందో అందరూ చెబుతారు, ఎందుకు చేసిందో ఒక్కడూ చెప్పడు. అది చెబితే పెద్దోళ్ళ పరువు పోద్ది గదా. నేను చెబుతా, నాకు పోయేదేం లేదు.

గుల్షన్ మా నూర్ మొహమ్మద్ కూతురు. నరసరావుపేట రోడ్డు మీద మా వూరి మొగదల్లో మైకు సెట్టూ లైటింగు కొట్టు వాళ్ళది. పెళ్ళయినా, పీర్ల పండగయినా, ఎవరో ఒకరి వర్ధంతయినా తీగ లాగేది ఆ ఇంటోళ్ళే. ఆ పిల్లకి ఉయ్యాల్లో గిలక్కాయ బదులు టెస్టరు ఇచ్చారనీ, మొదట పలికిన మాట అమ్మీ కాదు ఫ్యూజనీ చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధం. మిగతా సగం నేను కలిపింది.

పదో తరగతి లెక్కల్లో తప్పింది. తప్పినందుకు ఏడవలా, పేపరు దిద్దినోడికి లెక్కలు రావని ఇప్పటికీ వాదిస్తది. మనిషి పొట్టి, నోరు చానా పొడుగు. నూర్ మొహమ్మద్ పోయినాక ఇంక కొట్టు మూసేస్తారనుకున్నాం అందరం. ఆమె చున్నీ నడుముకి బిగించి ప్రభకి కట్టిన సర్వి కర్రలెక్కింది. ప్రభ మీద ఆ చివరాకర నిలబడితే కింద ఉన్నోళ్ళకి కాకంత కనపడేది. ఆడమనిషి ప్రభ ఎక్కడమేందని మొదటి ఏడు గొణిగినోళ్ళే, రెండో ఏడు ప్రభ జిగేల్‌మనేసరికి మా గుల్షన్, మా గుల్షన్ అన్నారు. వూరంటే అంతే.

జిల్లాలో తన లాగా లోడు లెక్క కట్టేవాడు ఇంకా పుట్టలేదని తనే చెప్పుకుంటది. పుట్టలేదేమో గానీ, తన లెక్కా తప్పింది ఒకసారి. వాళ్ళ పిన్ని కూతురు జెబా పెళ్ళిలో బల్బులన్నీ లెక్కేసి, ఐస్‌క్రీముల పెట్టె సంగతి మరిచిపోయింది. సరిగ్గా పెళ్ళికూతురు వచ్చి కూర్చునే టయానికి షామియానా మొత్తం గుడ్డిదైపోయింది. చీకట్లో ఎవరి విస్తట్లో బిర్యానీ ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు. తప్పు నీదే గదా అక్కా అంటే, ఐస్‌క్రీముది అంటది. ఒప్పుకునే జాతి కాదు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

కానీ లెక్క మాత్రం బాగా చెబుతది. నాలాంటి మట్టి బుర్రకి కూడా ఎక్కింది. కొండ మెట్ల కాడ తిరునాళ్ళ జనం తోసుకుంటా ఉంటారు చూడు, అంటది. ఎనక నించి ఎంత గట్టిగా తోస్తున్నారో అది వోల్టేజీ. గేటు దాటి ఎంతమంది అవతల పడుతున్నారో అది ఆంపియర్లు. ఆ గేటు ఎంత ఇరుకో అది ఓములు. తోపుని జనంతో భాగించు, ఇరుకెంతో తెలిసిద్ది. తోపుని జనంతో హెచ్చెయ్యి, అవి వాట్లు, అంటే ఎంత వెలుగో, ఎంత వేడో, జనరేటరు ఎంత చాకిరీ చెయ్యాలో తెలిసిద్ది. అంతే. దీనికి కాలేజీలు కట్టి ఫీజులు గుంజుతున్నారని తిడతది.

ఇప్పుడు ప్రభ సంగతి. తిరునాళ్ళకి చుట్టుపక్కల వూళ్ళన్నీ కర్రలతో తాటిచెట్టంత ఎత్తు ప్రభలు కట్టి కొండ కిందకి తీసకపోతాయని అందరికీ తెలుసు. మా వూరి ప్రభకి ఒక పద్ధతుంది, అది ఇంకే వూళ్ళోనూ లేదు. మొక్కున్నోళ్ళు ప్రభకి ఒక బల్బు ఇస్తారు. బల్బు తెల్ల మూతి మీద పేరు రాసి ఇస్తే, దాన్ని ప్రభ అంచు వెంట కడతారు. పూర్వం దీపం పెట్టేవోళ్ళంట, కర్రలకి అంటుకుంటుందని బల్బుకి మారారు. ప్రభ కదిలిన కాడ నించి కొండ కింద నిలబడేదాకా ఆ బల్బు వెలగాలి. మధ్యలో ఆరినా, కట్టకుండా వదిలేసినా మొక్కు చెల్లనట్టే. మళ్ళీ ఏడాది బాకీ పడ్డట్టే స్వామికి. అందుకే మా వూళ్ళో మొక్కు బల్బు వద్దనే దమ్ము ఎవడికీ లేదు. లేదనుకున్నాం.

పోయినేడు చిన్నారి మొక్కుంది. చిన్నారి మిరపకోతల కూలికి పోయే మనిషి. గట్టిగా మాట్టాడితే పక్కనున్న కోడి కూడా తిరిగి చూడదు, అంత నెమ్మది. దాని కూతురు ప్రసన్నకి వానాకాలంలో డెంగీ వచ్చి, నరసరావుపేట ఆసుపత్రిలో పిల్ల కళ్ళు తెరవకుండా పడుంటే, కోటయ్యా, నా బిడ్డ లేచి కూర్చుంటే నీ ప్రభకి బల్బు కడతానని మొక్కింది. పిల్ల లేచి కూర్చుంది. లేచి కూర్చోవడమే కాదు, ఇప్పుడు గోడలెక్కుతా ఉంది.

బల్బు మూతి మీద ప్రసన్నే స్కెచ్చు పెన్నుతో తన పేరు రాసింది. రెండూ తీసకపోయి గుల్షన్ చేతిలో పెట్టింది చిన్నారి. రెండూ అంటే బల్బూ, పిల్లనీ. పిల్ల చెయ్యి పట్టుకుని గుల్షన్ చేతిలో పెట్టి, "అక్కా, ఇది ఆరకుండా చూడు. ఆరితే నాకు మళ్ళీ భయం పట్టుకుంటది," అంది.

గుల్షన్‌కి పిల్లల్లేరు. పిల్లల గురించి ఎవరన్నా ఎత్తితే మాట మార్చేస్తది. ఆ రోజు మార్చలేదంట. కొండ కింద నిలబడేదాకా ఆరదు, నాది పూచీ, అంది. కొట్టు కాడ కూర్చున్నోళ్ళందరూ విన్నారు. పూచీ అనే మాట గుల్షన్ ఊరికే అనదు.

ఆ ఏడు వచ్చిన మొక్కు బల్బులు తొంభై. ఒక్కోటి తొమ్మిది వాట్లు. అన్నీ కలిపితే ఎనిమిదొందల పది. ప్రభ సొంత అలంకారం, తిరిగే చక్రాలూ నెమళ్ళూ సీరియల్ సెట్లూ కలిపి మూడు వేల నాలుగొందలు. జనరేటరు అయిదు వేలు మోస్తది. మిగిలింది ఎనిమిదొందల లోపు. మిగిలిందంతా వాడకూడదు, పశువుని గొంతు దాకా మేపితే నడవదు, జనరేటరూ అంతేనంటది గుల్షన్. లెక్క కుదిరింది. కట్టడం అయిపోయింది. తెల్లారితే ప్రభ లేస్తది అనగా వచ్చాడు వెంకట్రామయ్య.

వెంకట్రామయ్య ప్రభ కమిటీకి పెద్ద. ఆయన పొలాన్ని చుట్టి రావాలంటే కాకి కూడా మధ్యలో ఒకచోట వాలి నీళ్ళు తాగాలి. కొడుకు తేజ ఈసారి సర్పంచికి నిలబడాలని ఆయన కోరిక. అందుకని ప్రభ నడుముకి కొడుకు మొహం ఫ్లెక్సీ కట్టించాడు. ఎంత ఫ్లెక్సీ అనుకున్నారు, ఆ ముక్కు రంధ్రంలో మనిషి పడుకోవచ్చు. సరే, కట్టుకున్నాడు. దాని మీదకి వెలుగు పడాలని ట్రాక్టరులో రెండు ఫోకస్ లైట్లు దించాడు. ఎల్ఈడీవి కావు, పాతకాలం హాలోజన్లు, పత్తి గోడౌనులో పడున్నవి. ఎల్ఈడీ వెలుగుకి కొడుకు మొహం జబ్బు చేసినట్టు తెల్లగా పడుద్దంట, హాలోజన్‌కయితే బంగారంలా ఉంటదంట.

గుల్షన్ వెంటనే ఒకదాన్ని జనరేటరుకి తగిలించి, తీగకి టాంగ్ టెస్టరు వేసింది. అది పటకారు లాగా తీగ చుట్టూ పట్టుకుని ఆంపియర్లు చెప్పే మీటరు. నాలుగూ ముప్పై అయిదు చూపించింది. వోల్టేజీ రెండొందల ముప్పై. హెచ్చేస్తే ఒక్క లైటే వెయ్యి వాట్లు. రెండు కలిపి రెండు వేలు. ఉన్న చోటు ఎనిమిదొందల లోపు.

కుదరదు బాబాయ్ అంది. ఇంకో జనరేటరు తెప్పించమంది. తిరునాళ్ళ ముందు రోజు పల్నాడు మొత్తం గాలించినా ఖాళీ జనరేటరు దొరకదని కమిటీలో అందరికీ తెలుసు. వెంకట్రామయ్య ప్రభ వైపు ఎగాదిగా చూసి, అంచు వెంట ఉన్న మొక్కు బల్బులు చూపించాడు. అవి దించెయ్యమన్నాడు.

గుల్షన్ మొదట నవ్విందంట, సరసమాడుతున్నాడని. ఆయన నవ్వలా.

"మొక్కులు బాబాయ్ అవి," అంది.

"తొమ్మిది వాట్ల మొక్కులకి స్వామేం తొందరపడడులే. వచ్చే ఏడు కట్టుకోమను."

ఇదీ మాట. ఈ మాట నేను ఏడాదిగా నములుతున్నా, ఇంకా అరగలేదు. అక్కడ కమిటీ వాళ్ళు అంతమంది ఉన్నారు. దాదాపు అందరిళ్ళ బల్బులూ ఉన్నాయి ఆ అంచున. ఒక్కడు నోరు తెరవలా. ఒకాయన చెప్పులోకి ముల్లు దిగినట్టు కాలెత్తి చూసుకున్నాడు. ఇంకొకాయనకి ఉన్నట్టుండి ఫోనొచ్చింది, మోగకుండానే. బిడ్డలు బతికినందుకూ, చూపొచ్చినందుకూ, కోర్టు కేసు తేలినందుకూ కట్టిన బల్బులవి. అవి ఒక మనిషి ముక్కు మీదకి వెలుగు పడ్డం కోసం దిగాలి.

గుల్షన్ ఊరుకునే రకం కాదు గదా. తొంభై బల్బులూ పీకినా ఎనిమిదొందల పదే బాబాయ్, నీ ఒక్క లైటుకే వెయ్యి కావాలి, వూరి మొక్కులన్నీ కలిపినా నీ ఒక్క ఫోకస్ అంత బరువు తూగవు అని చెప్పింది. రెండు లైట్లు పెడితే బల్బులు తీసినా జనరేటరు మొయ్యదంది. ఆయన ఆ లెక్కలు నాకు చెప్పమాక, జనరేటరు ఎట్టా మొయ్యదో నేను చూస్తా అన్నాడు. ఇంక ఆఖరికి ఆమె ఇంకో బాణం వేసింది.

"ఇందులో పిన్నిది కూడా ఉంది. నీ మోకాలు నొప్పికి మొక్కుకుంది. అది కూడా తీసెయ్యనా?"

పిన్ని అంటే ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ. ఎవరైనా ఏం చేస్తారు? సిగ్గుపడి, సరేలే ఉంచమ్మా అంటారు. వెంకట్రామయ్య కాసేపు ఆలోచించాడు. ఆలోచించి, "ఆ ఒక్కటీ ఉంచు. మిగతావి దించు," అన్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగినాక ఇట్టాంటి మాట విన్లేదు. మోకాలుకున్న విలువ పిల్ల ప్రాణానికి లేదు. స్వామికి కూడా పొలం పాసుబుక్కు చూపిస్తేనే మొక్కు చెల్లుద్దన్నమాట. పైగా ఆయన పోతా పోతా, రెండు లైట్లూ వెలగాలి గుల్షనా, అవి వెలక్కపోతే వచ్చే ఏడు ప్రభ నీది కాదు అని ఒక మాట పారేసి పోయాడు. తండ్రి నించి వచ్చిన పని అది ఆమెకి. ఆయన పోయినాక కమిటీ వాళ్ళు ఒక్కొక్కరే గుల్షన్ దగ్గరికొచ్చి, ఎందుకమ్మా పెద్దాయనతో, మా బల్బు తీసినా మేమేం అనుకోంలే అన్నారంట. ఏమీ అనుకోనోళ్ళు దించుకపోవచ్చు గదా. ఒక్కడూ దించుకపోలేదు. పాపం గుల్షన్ చేతికి అంటాలని.

విషయం చిన్నారికి తెలిసింది. పరిగెత్తుకొచ్చింది. పోట్లాడలా, ఏడవలా. ప్రభ కింద నిలబడి అంచు వంక చూసి, అక్కా, నాదొక్కటే తీసిస్తే నేనే పట్టుకుని నడుస్తా కొండ దాకా, వైరు ఎంత పొడుగుంటే అంత దూరంలో నడుస్తా, అందంట. ఇది విన్న ఎవడికైనా గుండె అనేది ఉంటే కరగాలి. గుల్షన్‌కి కరగలా. గుల్షన్‌కి మండింది. ఇంటికి పొమ్మంది, నేను పూచీ పడ్డాగా అంది.

ఇక్కడి నించే ఎవరూ చూడనిది. చెప్పుకునేది ఇదీ.

గుల్షన్ ఒక్క బల్బు దించలేదు. రెండు ఫోకస్‌లూ ఫ్లెక్సీకి అటొకటి ఇటొకటి బిగించింది. మామూలుగా అయితే రెండు లైట్లకీ విడివిడిగా కరెంటు ఇస్తారు, రెండు గేట్లు పక్కపక్కన పెట్టినట్టు. ఆమె ఏం చేసిందంటే, ఒక లైటులోంచి బయటికొచ్చిన తీగని రెండో దాంట్లోకి పంపింది. ఒక గేటు దాటినోళ్ళు మళ్ళీ ఇంకో గేటు దాటాలి. తోపు మాత్రం అదే. రెండొందల ముప్పైని నాలుగూ ముప్పై అయిదుతో భాగిస్తే ఒక్కో లైటు ఇరుకు యాభై మూడు ఓములు. ఒకదాని ఎనక ఒకటి పెడితే నూటారు. ఇరుకు రెట్టింపయింది కాబట్టి జనం సగమే పోతారు. రెండూ కలిపి అయిదొందల వాట్లతో సరి. జనరేటరుకి హాయి. తీగలు కలిసేచోట నల్ల టేపు చుట్టి, వెదురు బొంగులోకి తోసేసిందంట.

కానీ మళ్ళీ ఐస్‌క్రీము పెట్టె కథే అయింది. మీటరు పెట్టి చూస్తే రెండూ పదిహేడు ఆంపియర్లు రావాల్సింది, మూడుకి దగ్గరగా వచ్చిందంట. లైటు లోపలి తీగ బాగా కాలినప్పుడే దానికి ఆ ఇరుకు. సరిగా కాలకపోతే గేటు కొంచెం వదులైపోయి, అనుకున్నదానికన్నా ఎక్కువ జనాన్ని వదులుద్దంట. ఆ సంగతి గుల్షన్ మరిచిపోయింది. అయిదొందలు అనుకున్నది ఏడొందలకి దగ్గరయింది. అంతా కలిపితే నాలుగు వేల తొమ్మిదొందలు. గొంతు దాకా మేపినట్టే అయింది జనరేటరుని. ఇంకొక్క గుప్పెడు పడితే ప్రభ మొత్తం ఆరిద్ది, చిన్నారి బల్బుతో సహా. అప్పుడామె చక్రాల్లో ఒకదానికి తీగ పీకేసిందని కొందరు, ఏం పీకలేదు, జనరేటరు మీద చెయ్యేసి బిస్మిల్లా అనిందని కొందరు. రెండూ చేసుంటది.

ఈ తర్వాతది నేను నా కళ్ళతో చూశా, వూరంతా చూసింది. పొద్దుగూకుతుంటే ప్రభ లేపి, చేదుకో కోటయ్యా అని జనం అరుస్తుంటే స్విచ్చి వేశారు. నెమళ్ళు తిరిగినాయి. అంచు వెంట మొక్కు బల్బులన్నీ చుక్కల్లా తెల్లగా వెలిగినాయి. మధ్యలో వెంకట్రామయ్య ఫోకస్‌లు రెండూ వెలిగినాయి, బీడీ చివర్లలాగా. ఆ ఎర్ర వెలుగులో తేజ మొహం పసిరికలు కమ్మినోడి మొహంలా ఉంది. ముక్కూ మీసమూ తెలుస్తున్నాయి, ఎవరో మాత్రం తెలీడంలా. పక్కూరోళ్ళ ప్రభ అప్పుడే మలుపు తిరిగి వస్తా ఉంది. వాళ్ళలో ఒకడు, మీ ప్రభకి దయ్యం బొమ్మ ఎందుకు కట్టారని అడిగాడు.

వెంకట్రామయ్య గుల్షన్ మీదకి వచ్చాడు. ఆమె ఎంతో మర్యాదగా, "రెండూ వెలగాలన్నావు, రెండూ వెలుగుతున్నాయి గదా బాబాయ్," అంది. సరిచెయ్యమన్నాడు. ప్రభ లేచినాక తీగ మీద చెయ్యి పెట్టకూడదని నాన్న పెట్టిన కట్టుబాటు అంది. పక్కూరోళ్ళు చూస్తున్నారు, జనం తోస్తున్నారు, ఆయనకి మింగలేక కక్కలేక అయింది. ఆదిలక్ష్మమ్మ పక్కనే నిలబడి తల పైకెత్తి చూసి, పోనీలెండి, మన వాడు ఆ మాత్రం వెలుగులో ఉంటేనే నయం అంది. ఆమె తిట్టిందో, దీవించిందో ఇంతవరకూ తేలలేదు.

చిన్నారి ప్రసన్నని చంకనేసుకుని ప్రభ పక్కనే నడిచింది. పిల్ల నడవగలదు, అయినా దించలేదు. దార్లో ఎంతమంది పలకరించినా తల దించలేదు. కొండ కనపడింది. ప్రభ నిలబడింది. బల్బు వెలుగుతానే ఉంది. అప్పుడు దించింది పిల్లని.

ఈ ఏడు ప్రభ వైరింగు గుల్షన్‌కి ఇవ్వలేదు. వేరే వూరి నించి ఎవరినో తెచ్చారు. కమిటీలో అంతమంది ఉన్నారు, ఎవరి బల్బు కోసం ఆ మనిషి ఇంత చేసిందో తెలిసినోళ్ళు, ఒక్కడు ఇదేందని అడగలా. మళ్ళీ అందరికీ ఫోన్లొచ్చుంటాయి. పైగా ఆ మనిషినే కొంటె పని చేసిందని వూరూరా చెప్పుకుని నవ్వుతున్నారు. ఎవరిని చూసి నవ్వాలో కూడా తెలీని వూరు.

మొన్న కడుపు మండి కొట్టు కాడికి పోయి మొహం మీదే అడిగా. ఫ్యాను విప్పుతా ఉంది. అక్కా, తీగలు ఒకదాని ఎనక ఒకటి కలిపావా లేదా, ఒక్క మాట చెప్పు, వూరందరి నోళ్ళూ నేను మూయిస్తా అన్నా.

తల ఎత్తలా. "నీకు పనేం లేదా? ఆ రోజు జనరేటరు వోల్టేజీ పడిపోయింది. వోల్టేజీ పడితే హాలోజన్ ఎర్రగానే వెలుగుద్ది. ఎల్ఈడీకి ఆ తేడా తెలీదు, తెల్లగానే ఉంటది. అంతే కథ."

మరి నల్ల టేపు అన్నా.

"ఏ టేపు? చూసినోణ్ణి పిలు."

మరి మొక్కు బల్బులు దించమంటే ఎందుకు దించలేదన్నా. నిచ్చెన అందలేదంది. ఆ నిచ్చెన ఆమె ఎనకే గోడకి ఆనించి ఉంది.

మరి చిన్నారికిచ్చిన పూచీ సంగతేందన్నా.

అప్పుడు ఎత్తింది తల. స్క్రూడ్రైవరు నా వైపు చూపించి, "ఏ చిన్నారి? నాకు ఏ చిన్నారీ తెలీదు, ఏ ప్రసన్నా తెలీదు. నేనెవరికీ పూచీ పడలా. వెంకట్రామయ్య బాబాయ్ నన్నేం అనలేదు, నేను ఆయన్నేం అనలేదు. అసలు పోయినేడు నేను తిరునాళ్ళకే రాలా. రాసుకో," అంది.